పాత మారుతి 800కి 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ పోయమంటున్నారు. పోయొచ్చా?

నాగావళి800 (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నాన్నగారి 2003 మోడల్ మారుతి 800, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ కాదు, ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే రకం). మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు. ఆయన రిటైరయ్యాక రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది, ఇప్పుడు నా చేతికొచ్చింది. రోజూ ఎచ్చెర్ల దాకా వెళ్లొస్తాను, నెలకోసారి వైజాగ్.

మూడు సమస్యలు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ ఒక్కసారి గుప్పుమని వచ్చి ఆగిపోతుంది. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు అర లీటరు ఆయిల్ తగ్గుతోంది, షెడ్డులో నేల మీద మాత్రం చుక్క కనిపించదు. మూడోదానికే నాకు టెన్షన్ పట్టుకుంది. మొన్న వైజాగ్ నుంచి వస్తూ ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆగితే ఎర్ర ఆయిల్ లైటు మినుకుమినుకుమంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోయింది.

మా మెకానిక్ ఏమంటాడంటే, "పాత బండి బాబూ, లోపలంతా అరిగిపోయుంటాది. 20డబ్ల్యూ-50 పోసేద్దాం. పొగా పోతాది, లైటూ పోతాది." స్పేర్ పార్ట్స్ షాపాయన 15డబ్ల్యూ-40 చాలన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా బావ 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ (మామూలు మినరల్ ఆయిల్‌లా కాకుండా రసాయనికంగా తయారు చేసేది) పోయమంటున్నాడు, వాళ్ల కొత్త కారుకి అదే పోస్తారట. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడికొచ్చాను.

పలాసజీడిపప్పు (పలాస)

మూడూ కలిపి పోసెయ్ గురూ. ఎవరికీ కోపం రాదు.

సాలూరు_స్టీరింగ్ (సాలూరు)

తమ్ముడూ, నవ్వులాట పక్కన పెట్టు. ముప్పై ఏళ్లుగా బళ్లు నడుపుతున్నాను, మా ఊళ్లో ఇంటికో లారీ ఉంటుందని నీకూ తెలుసు. అరిగిన ఇంజన్‌కి చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెషర్ పెరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది. ఇది విన్నమాట కాదు, చూసిందే. పైగా మన ఎండలు చూడు. మే నెలలో పల్చటి ఆయిల్ నీళ్లయిపోతుంది. మీ మెకానిక్ సరిగ్గానే చెప్పాడు, పోయించెయ్.

తెల్లఅంబాసిడర్ (బొబ్బిలి)

నేనూ అదే మాట. మా ఇంట్లో పాత పెట్రోల్ అంబాసిడర్ ఉంది, 1489 సీసీ ఇంజన్. మా తాతగారి రోజుల నుంచి చిక్కటి ఆయిలే. ఇప్పుడు 20డబ్ల్యూ-50 వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. కింద చుక్కలు పడతాయి, అది వేరే సంగతి. అంబాసిడర్ కింద చుక్క పడలేదంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థం.

మూడులాంతర్లు (విజయనగరం)

పాలిటెక్నిక్‌లో పిల్లలకి ఇంజన్లు చెప్పి రిటైరయినవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. ఓపిక పట్టండి.

మీ ముగ్గురి మాటల్లోనూ 'పాత బండి' అన్న ముక్క వచ్చింది. దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, బండి డిజైనే పాతది. రెండోది, డిజైన్ ఏదైనా ఇంజన్ అరిగిపోయింది. అంబాసిడర్‌ది మొదటి రకం. ఆ ఇంజన్ గీసిన కాలంలో బేరింగుల దగ్గర ఉంచిన సందులకీ, అప్పుడు దొరికిన నూనెలకీ చిక్కటి గ్రేడే లెక్క. దానికి 20డబ్ల్యూ-50 మందు కాదు, మామూలు తిండి. మారుతి 800 అలా కాదు. చిన్న ఇంజన్, 796 సీసీ, మూడు సిలిండర్లు, సందులు సన్నం. దానికి చిక్కటిది పోయాలంటే అరిగిందని ముందు తేలాలి. తేలిందా? ఎవరూ కొలవలేదు. మీటరు చూసి చెప్పేశారు, అంతే.

ఇక నంబర్ల సంగతి. 'డబ్ల్యూ' అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఇంజన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చెబుతుంది. ఆ పరీక్ష 20డబ్ల్యూకి మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూకి మైనస్ 20, 10డబ్ల్యూకి మైనస్ 25, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర చేస్తారు. లంబసింగిలో రాత్రంతా బండి వదిలేసినా ఆ చలి రాదు. అందుకని మన జిల్లాల్లో ముందు అంకె గురించి కొట్టుకోనక్కర్లేదు. కానీ దాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. 20 డిగ్రీలు ఉన్న తెల్లవారుజామైనా ఇంజన్ లెక్కలో చలే. అప్పుడు చిక్కటి నూనె పైన వాల్వులని తెరిచే క్యామ్ దాకా ఎక్కడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది.

వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. సెంటీస్టోక్ అనే కొలతలో 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. నూనె పల్చబడి పని చెయ్యాల్సింది ఈ వేడిలోనే కాబట్టి ఇంజన్‌కి ముఖ్యమైన అంకె ఇదే.

అరిసెలు వండే ఇళ్లలో ఈ పాఠం చెప్పక్కర్లేదు. పొయ్యి మీదున్నప్పుడు బెల్లం పాకం గరిట నుంచి జారిపోతుంది, దించి పక్కన పెడితే గరిటనే పట్టేసుకుంటుంది. లేత పాకంతో చెయ్యాల్సినదానికి ముదురు పాకం పడితే ఏమవుతుందో అరిసె కొరికినవాడికి తెలుసు.

సాలూరు గారు ఎండ గురించి అన్నారు. బయట 42 డిగ్రీలున్నా 25 ఉన్నా, థర్మోస్టాట్ బాగుంటే ఇంజన్‌లో నీళ్లు 90 డిగ్రీల దరిదాపుల్లోనే నిలబడతాయి. నూనె వేడిని పెంచేది సూర్యుడికన్నా బండి మీద పడే బరువు. మేలో ఎచ్చెర్ల వెళ్లి రావడం కన్నా డిసెంబర్‌లో నలుగురిని ఎక్కించుకుని ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కడమే నూనెకి పెద్ద పరీక్ష.

సాలూరు_స్టీరింగ్ (సాలూరు)

మాస్టారూ, ఘాట్ సంగతి ఒప్పుకుంటాను. సుంకి వైపు లోడుతో ఎక్కేటప్పుడు ఇంజన్ ఎలా మూలుగుతుందో నాకు తెలుసు. కానీ ప్రెషర్ పెరగడం నిజం కాదా?

మూడులాంతర్లు (విజయనగరం)

నూటికి నూరుపాళ్లు నిజం. చిక్కటి నూనెని సన్నటి దారిలో తోస్తే ప్రెషర్ పెరుగుతుంది. అయితే ప్రెషర్ పెరిగిందంటే బేరింగుకి నూనె ఎక్కువ అందుతోందని అర్థం కాదు, దారి ఎక్కువ అడ్డుతోందని అర్థం. నిజంగా బేరింగులు అరిగి సందు పెరిగి ఉంటే ఒక గ్రేడు చిక్కటిది పోస్తే కొంతకాలం గడుస్తుంది. ఇంజన్ విప్పించే డబ్బు లేనప్పుడు అది దొంగపని కూడా కాదు. కానీ రోగం తెలిసి వేసుకునే మాత్ర వేరు, రోగం తెలియకుండా వేసుకునే మాత్ర వేరు.

స్పానర్14 (ఆమదాలవలస)

నాది షెడ్డు. మాస్టారులా రాయలేను, పని చెప్తాను.

నాగావళి తమ్ముడూ, ముందు నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పు. ఇప్పుడు ఇంజన్‌లో ఉన్న ఆయిల్ ఏది? డిప్‌స్టిక్ సమతలం మీద, ఇంజన్ ఆపి పది నిమిషాలాగి చూశావా? ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేస్తే, ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత? పొగ పొద్దున్న ఒక్కసారేనా, హైవే మీద తొక్కినప్పుడు అద్దంలో కూడా కనిపిస్తుందా?

నాగావళి800 (శ్రీకాకుళం)

అన్నా, మొదటి ప్రశ్నకే దొరికిపోయాను. మూడు నెలల క్రితం హైవే పక్కన ఒక షెడ్డులో మార్పించాను. డబ్బా ఏదీ విప్పలేదు, డ్రమ్ములోంచి మగ్గుతో తీసి పోశాడు. "మంచిదే సార్" అన్నాడు. గ్రేడు అడగలేదు.

డిప్‌స్టిక్ ఇందాక చూశాను, కింది గీతకి కొంచెం పైన ఉంది. ఈ బండికి ఆర్పీఎం మీటరు లేదు. పొగ పొద్దున్నే వస్తుంది. ఇంకోటి గమనించాను. నరసన్నపేట దాటాక ఫ్లైఓవర్ దిగుతూ చాలాసేపు యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తొక్కగానే వెనక కొద్దిగా నీలం. గట్టిగా తొక్కి పోతున్నప్పుడు మాత్రం ఏమీ లేదు.

స్పానర్14 (ఆమదాలవలస)

ఆ చివరి మాట బంగారం తమ్ముడూ. వదిలి తొక్కితే పొగ, రాత్రంతా నిలబెట్టి స్టార్ట్ చేస్తే పొగ. ఇవి రెండూ వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కిందికి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు) పోయిన లక్షణాలు. బండి నిలబడ్డప్పుడు పైనున్న ఆయిల్ గట్టిపడిపోయిన సీల్ పక్కనుంచి బొట్టు బొట్టుగా కిందికి దిగుతుంది, పొద్దున్న స్టార్ట్ చేస్తే అదే కాలుతుంది. పిస్టన్ రింగులు పోతే లోడు మీద తొక్కినంతసేపూ పొగ వస్తుంది, ఆయిల్ పోసే మూత తీస్తే లోపల్నుంచి ఫుస్సుఫుస్సుమని గాలి కొడుతుంది. రెండేళ్లు షెడ్డులో నిలబడిన బండి కదా, సీల్ రబ్బరు ఎండి గట్టిపడి ఉంటుంది.

దీనికి 20డబ్ల్యూ-50 పోస్తే? దిగే బొట్లు తగ్గుతాయి, పొగ తగ్గినట్టు కనిపిస్తుంది. రబ్బరు మాత్రం మెత్తబడదు కదా.

లైటు సంగతికి గేజ్ పెట్టాలి. ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో చేతి గేజ్ బిగించి, బండి బాగా వేడెక్కాక చదవాలి. వెయ్యి ఆర్పీఎంకి పది పీఎస్ఐ (ప్రెషర్ కొలత) అనేది మా షెడ్డు లెక్క, మరీ కచ్చితం కాదు గానీ పనికొస్తుంది. లైటు వెలిగించే స్విచ్ సాధారణంగా 5 పీఎస్ఐ చుట్టుపక్కల పడిపోతేనే పని చెయ్యాలి. స్విచ్చే పాడైతే ప్రెషర్ ఉన్నా వెలుగుతుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ మసిబారి ఐడిల్ పడిపోయినా వెలుగుతుంది. ఇవేవీ చూడకుండా గ్రేడు మార్చడమంటే జ్వరం ఉందో లేదో చూడకుండా ఇంజక్షన్ వెయ్యడమే.

లైటు నిలకడగా వెలిగితే మాత్రం అక్కడే ఆపెయ్. ఇంటి దాకా పోదామనుకోకు.

కళింగతీరం (కళింగపట్నం)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది 2009 శాంత్రో. సింథటిక్ పోస్తే పాత కార్లలో ఆయిల్ లీకవుతుందని మా వీధిలో అందరూ అంటున్నారు. నిజమేనా?

మూడులాంతర్లు (విజయనగరం)

అమ్మా, సింథటిక్ కొత్తగా కన్నాలు పెట్టదు. ఉన్న కన్నానికి అడ్డుగా పేరుకుపోయిన జిగట మడ్డిని కడిగేయవచ్చు, అప్పుడు పాత లీకు బయటపడుతుంది. మీ బండి ఇన్నాళ్లూ వేళకి ఆయిల్ మార్చుకుంటూ వచ్చి ఉంటే భయం లేదు. మీ పుస్తకంలో చెప్పిన గ్రేడులో మినరల్ అయినా, సెమీ సింథటిక్ అయినా సరే. మినరల్ వాడితే త్వరగా మార్చండి. మూత తీసి లోపల నల్లటి మడ్డి కనిపిస్తే, ఫ్లష్ అని అమ్మే సీసాల జోలికి మాత్రం వెళ్లకండి. ఒకేసారి ఊడిన మడ్డి ఆయిల్ జల్లెడకి అడ్డం పడుతుంది. దానికన్నా రెండుసార్లు 2000, 3000 కిలోమీటర్లకే ఆయిల్ మార్చడం నయం.

గజపతినగరం_డీజిల్

మాస్టారూ, నాది స్విఫ్ట్ డీజిల్, లక్షా అరవై వేలు తిరిగింది. మా షెడ్డులో దీనికీ 20డబ్ల్యూ-50 అంటున్నారు. ఇంకో సంగతి, మార్చిన మర్నాడే ఆయిల్ నల్లగా అయిపోతోంది. కల్తీ ఆయిలేమో?

స్పానర్14 (ఆమదాలవలస)

వద్దు అన్నా. ఆ 1.3 డీజిల్‌లో టైమింగ్ చెయిన్‌ని బిగించేది ఆయిల్ ప్రెషరే, టర్బో బేరింగ్ బతికేదీ ఆ ఆయిల్ మీదే. చలిగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్ ఆ సన్నటి దారుల్లోకి వెళ్లడం లేటవుతుంది. పుస్తకంలో ఉన్న గ్రేడూ, డబ్బా మీద ఉండాల్సిన కోడూ రెండూ కలిసేదే పోయించు.

నల్లబడ్డం గురించి బెంగ వద్దు. డీజిల్ మసిని ఆయిల్ తనలో పట్టుకోబట్టే నల్లబడింది, అది దాని ఉద్యోగం. పది వేల కిలోమీటర్లయినా బంగారంలా మెరుస్తుంటే అనుమానించాలి.

పలాసజీడిపప్పు (పలాస)

నా బైకుకి కొన్న ఆయిల్ అర లీటరు మిగిలింది. మా నాన్న కారులో పోసెయ్యనా?

స్పానర్14 (ఆమదాలవలస)

నువ్వు ఇక్కడే ఉన్నావేటి! బైకు ఆయిల్‌లోనే క్లచ్ కూడా మునిగి ఉంటుంది, అది జారకుండా ఆ ఆయిల్ తయారు చేస్తారు, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు ఆయిళ్లకి జపాన్ వాళ్ల ప్రమాణం) అని ఉంటుంది. రోడ్డు మీద లెవెల్ పడిపోయి ఇంకేదీ దొరక్కపోతే కారులో పోసినా కొంప మునగదు. కారు ఆయిల్ బైకులో పోస్తేనే క్లచ్ జారే ప్రమాదం. ఇంట్లో మిగిలింది మాత్రం బైకుకే దాచుకో.

తెల్లఅంబాసిడర్ (బొబ్బిలి)

నాదీ ఒక సందేహం మాస్టారూ. కొత్త ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణం ఆయిల్స్‌లో అరుగుదల ఆపే జింకు, ఫాస్ఫరస్ తగ్గించేశారని, పాత అంబాసిడర్ క్యామ్‌కి అది దెబ్బ అని ఎక్కడో చదివాను.

మూడులాంతర్లు (విజయనగరం)

సగం నిజం. క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా ఫాస్ఫరస్‌కి 0.08 శాతం పరిమితి పెట్టారు. అది 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లకే. మీ 20డబ్ల్యూ-50కి ఆ గీత లేదు. నిశ్చింతగా ఉండండి.

డబ్బా వెనక 'ఎస్'తో మొదలయ్యే అక్షరాలు పెట్రోల్‌కి, 'సి'తో మొదలయ్యేవి డీజిల్‌కి. ఎస్ తర్వాత అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్తది: ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. పాత బండికి కొత్త అక్షరం పోయడంలో తప్పు లేదు, అక్షరం వేరు, చిక్కదనం వేరు. షాపుల్లో ఈ రెండిటినీ కలిపేసి "ఇది కొత్త రకం సార్, మీ పాత బండికి పడదు" అంటుంటారు.

నాగావళి800 (శ్రీకాకుళం)

కనుమ మర్నాడు పని మొదలుపెట్టాం. మా మెకానిక్‌కి స్పానర్14 అన్న రాసింది చదివి వినిపించాను. మొదట మొహం చిట్లించాడు, తర్వాత పక్క షెడ్డు నుంచి గేజ్ తనే తెచ్చాడు.

రణస్థలం దాకా వెళ్లొచ్చి, వేడి మీద చదివాం. ఐడిల్‌లో 14 పీఎస్ఐ. ఇంజన్‌ని రేజ్ చేస్తే 45 దాకా లేచింది. స్కానర్ పెడితే ఐడిల్ 650 చూపించింది, అటూ ఇటూ ఊగుతోంది. స్విచ్ విప్పితే దాని ప్లాస్టిక్ వైపు నుంచి ఆయిల్ చెమ్మ. కొత్త స్విచ్ వేసి, థ్రాటిల్ బాడీ కడిగితే ఐడిల్ 850 దగ్గర నిలబడింది. లైటు మళ్లీ కనబడలేదు.

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే వచ్చే ఒత్తిడి, కూడా చూశాడు. మూడు సిలిండర్లూ 155 నుంచి 160 పీఎస్ఐ మధ్యే. రింగులు బాగానే ఉన్నట్టు.

వాల్వ్ సీల్స్ హెడ్ దింపకుండానే మార్చాడు. ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి నైలాన్ తాడు లోపలికి దోపి, పిస్టన్‌ని పైకి తెచ్చి, ఆ తాడు మెత్తలా వాల్వులకి అడ్డంగా ఉండేలా చేసి పైన స్ప్రింగులు విప్పాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. పాత సీల్స్ చేతిలో పెట్టాడు, గోరుతో నొక్కితే ప్లాస్టిక్ ముక్కల్లా ఉన్నాయి.

సాలూరు_స్టీరింగ్ (సాలూరు)

14 ఉందా ఐడిల్‌లో! అయితే ఇంజన్ ఆరోగ్యంగానే ఉంది తమ్ముడూ. నేను చెప్పినట్టు చిక్కటిది పోసుంటే ప్రెషర్ ఇంకాస్త లేచి ఆ పాడైన స్విచ్ కూడా ఊరుకునేది. మనం ఆయిల్ మహిమ అనుకునేవాళ్లం. ఇంతకీ ఏది పోశావు?

నాగావళి800 (శ్రీకాకుళం)

నాన్నగారి బీరువాలో బండి పుస్తకం దొరికింది. అందులో ఒక్క గ్రేడు కాదు, వాతావరణం వేడిని బట్టి గీతలు గీసిన పట్టిక ఉంది. మన చలికీ ఎండకీ 40తో ముగిసే గ్రేడ్లు హాయిగా సరిపోతున్నాయి. 15డబ్ల్యూ-40 మినరల్ తీసుకున్నాను, వెనక ఏపీఐ ఎస్ఎన్ అని ఉంది. సీలు నా కళ్ల ముందే తీయించాను. ఖాళీ డబ్బాకి మేకుతో నాలుగు చిల్లులు పొడిచి పారేశాను, మళ్లీ ఎవడూ నింపి అమ్మకుండా. ఫిల్టర్ కూడా కొత్తదే.

అంటే ఆ షాపాయన మొదటి రోజే సరిగ్గా చెప్పాడన్నమాట. ఆయనేమో ఏమీ కొలవకుండా చెప్పాడు!

మూడులాంతర్లు (విజయనగరం)

మంచి ఎంపిక. మినరల్ కాబట్టి 5000 కిలోమీటర్లకో, ఆర్నెల్లకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చేయండి. ఎచ్చెర్ల లాంటి చిన్న దూరాలే ఎక్కువ తిరిగితే డిప్‌స్టిక్ వాసన చూస్తుండండి. పెట్రోల్ వాసన కొడితే ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తోందని అర్థం, అప్పుడు ఏ గ్రేడు పోసినా పల్చబడుతుంది. నెలకోసారి వైజాగ్ వెళ్తున్నారు కదా, ఆ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది.

స్పానర్14 (ఆమదాలవలస)

పై గీత దాటించి పొయ్యనివ్వకు. ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. వెయ్యి తిరిగాక లెవెల్ ఎంతుందో ఇక్కడ రాయి.

నాగావళి800 (శ్రీకాకుళం)

రాస్తున్నాను అన్నా. 1,080 కిలోమీటర్లు తిరిగింది. పై గీత నుంచి వేలి గోరంత దిగిందేమో, అంతే. పొద్దున్న పొగ లేదు. మధ్యలో ఇంకో పరీక్ష కూడా అయింది. రథసప్తమికి అమ్మని అరసవల్లి తీసుకెళ్తే ఆ రద్దీలో ముప్పావుగంట ఐడిల్‌లోనే ఇరుక్కుపోయాం. అమ్మ దణ్ణం పెట్టుకుంటోంది, నేను ఎర్ర లైటు వంక చూస్తూ కూర్చున్నాను. వెలగలేదు.

పలాసజీడిపప్పు (పలాస)

మరి హైదరాబాద్ బావకి చెప్పావా?

నాగావళి800 (శ్రీకాకుళం)

చెప్పాను. ఇప్పుడు టైర్లలో నైట్రోజన్ కొట్టించమంటున్నాడు.